దీపం వెనుక ధూమం

పాఠ్యభాగ ఉద్దేశం: మనం వాడుకొనే విద్యుత్తు కారణంగా గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువును అంచనా కట్టే పద్ధతిని తెలుసుకోవడం, ఆ అంచనాలో దొర్లే దోషాలను తర్కదృష్టితో గుర్తించడం.

ప్రాచీన భారతీయ తర్కశాస్త్రాన్ని అభ్యసించే విద్యార్థికి గురువు మొట్టమొదట చూపే ఉదాహరణ కొండ మీది పొగ. దూరాన కొండ మీద పొగ కనిపిస్తున్నది, నిప్పు కనిపించడం లేదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటశాలలో పలుమార్లు చూచి ఉన్నాం కాబట్టి కొండ మీద నిప్పు ఉన్నదని నిశ్చయిస్తాం. ఇట్లా కనిపించేదాన్ని ఆధారం చేసుకొని కనిపించనిదాన్ని తెలుసుకొనే సాధనానికి శాస్త్రకారులు 'అనుమాన ప్రమాణం' అని పేరు పెట్టారు. వాడుకలో అనుమానమంటే సందేహమనే అర్థం స్థిరపడింది గాని, శాస్త్రంలో అది సందేహాన్ని పోగొట్టే సాధనం. పొగకు నిప్పుతో ఉన్న తప్పనిసరి సంబంధాన్ని 'వ్యాప్తి' అంటారు.

ఆ శాస్త్రమే ఉదాహరణను తిరగవేసి మరొక పాఠం చెబుతుంది. నిప్పు కనిపించింది కాబట్టి పొగ కూడా ఉన్నదని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. నిప్పుకు పచ్చికట్టె తోడైనప్పుడే పొగ పుడుతుంది. పచ్చికట్టె వంటి ఈ నియమాన్ని 'ఉపాధి' అన్నారు. నేటి తెలుగులో ఉపాధి అంటే జీవనోపాయం, శాస్త్రంలో దాని అర్థం వేరు. పదిహేడవ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు 'తర్కసంగ్రహం' అనే చిన్న గ్రంథంలో ఈ రెండు ఉదాహరణలనూ బాలురకు బోధపడేటట్లు వివరించాడు. విద్యుత్తును గురించిన పాఠంలో తర్కశాస్త్రం ఎందుకని విద్యార్థులకు తోచవచ్చు. మనం చేయబోయే లెక్క సరిగా ఈ రెండవ ఉదాహరణ వంటిదే.

ఇంట్లో మీట నొక్కుతాం. దీపం వెలుగుతుంది, పొగ రాదు. కట్టెపొయ్యి ముందు కూర్చుండి ఊదుగొట్టంతో ఊది, కళ్ళు మండించుకొన్న మన అమ్మమ్మలకు ఈ వెలుగు ఎంతటి వరమో మాటలలో చెప్పలేం. అయితే పొగ మాయమైపోలేదు. ఇల్లు విడిచి రామగుండానికో, కొత్తగూడేనికో, ఇబ్రహీంపట్నానికో, విశాఖ సమీపంలోని సింహాద్రికో వెళ్ళింది. అక్కడి పొగగొట్టాల నుండి వెలువడే బొగ్గుపులుసు వాయువుకు రంగు లేదు, వాసన లేదు. కాబట్టి అక్కడికి వెళ్ళి నిలుచున్నా అది కంటికి కనబడదు. శాస్త్రజ్ఞులు దీనిని కార్బన్ డయాక్సైడ్ అంటారు. ఇది గాలిలో పెరిగిన కొద్దీ భూమి వేడెక్కుతుందని స్వీడన్ దేశీయుడైన అరేనియస్ 1896లోనే లెక్కకట్టి చూపాడు. ఇటువంటి వాయువులు వెలువడటాన్ని నేడు 'ఉద్గారం' అంటున్నాం. సంస్కృతంలో ఆ మాటకు త్రేనుపు అని కూడా అర్థం. తిన్నదాన్ని బట్టే త్రేనుపు అన్నట్లు, కాల్చిన ఇంధనాన్ని బట్టే ఉద్గారం.

కనిపించే దీపాన్ని బట్టి కనిపించని పొగను ఊహించాలి. నిప్పును బట్టి పొగను ఊహించడం దోషమని తర్కశాస్త్రం ముందే హెచ్చరించింది. దీపం శ్రీశైలం జలవిద్యుత్తుతో వెలిగితే దాని వెనుక పొగ లేదు. కర్నూలు సౌర విద్యుత్ క్షేత్రం ఇచ్చిన కరెంటుతో వెలిగినా లేదు. బొగ్గుతో వెలిగితే ఉన్నది. ఆ బొగ్గే ఇక్కడి ఉపాధి. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసినది ఉపాధి ఎంత పాలు ఉన్నదనే విషయం.

మొదట బొగ్గు సంగతి చూద్దాం. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, చాలా రకాలలో నూటికి ముప్పై నుండి నలభై అయిదు వంతుల వరకు ఉంటుంది. ఒక యూనిట్ విద్యుత్తు పుట్టడానికి స్థూలంగా 650 గ్రాముల బొగ్గు కాల్చవలసి ఉంటుందనీ, అందులో నూటికి 40 వంతులు కర్బనమనీ అనుకొందాం. అంటే 260 గ్రాముల కర్బనం. కర్బనం కాలినప్పుడు ప్రతి 12 గ్రాముల కర్బనం 32 గ్రాముల ప్రాణవాయువుతో కలిసి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. 260ని 44తో హెచ్చవేసి 12తో భాగిస్తే సుమారు 953 గ్రాములు వస్తుంది. కాల్చిన బొగ్గు బరువు కంటె వెలువడిన వాయువు బరువు ఎక్కువ కావడం మొదట వింతగా తోస్తుంది, గాలిలోని ప్రాణవాయువు వచ్చి చేరడమే అందుకు కారణం. బొగ్గు రకాన్ని, యంత్రం సామర్థ్యాన్ని బట్టి ఈ సంఖ్య కొంత అటూ ఇటూ అవుతుంది గాని, బొగ్గు విద్యుత్తు యూనిట్‌కు ఇంచుమించు ఒక కిలో వాయువు అన్న మాట గుర్తుంచుకోదగినది.

ఇక మన ఇంటికి వచ్చే కరెంటులో బొగ్గు పాలెంత? ఈ ప్రశ్నకు సమాధానం ఇంటింటికీ మారదు. నాలుగు వాగులు ఒక చెరువులో కలిసిన తరువాత తూము దగ్గర నిలబడి ఇది ఫలానా వాగు నీరని ఎవరూ చెప్పలేరు. విద్యుత్తు కూడా అంతే. నాగార్జునసాగర్ పక్కన ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఇంటి దీపం జలవిద్యుత్తుతోనే వెలుగుతున్నదనడానికి వీలులేదు. దక్షిణాది విద్యుత్ వలయం ఒకప్పుడు మిగిలిన దేశంతో ఏకతాళంలో నడిచేది కాదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు, షోలాపూర్‌ల మధ్య 765 కిలోవోల్టుల లైను ద్వారా అది దేశ వలయంతో కలిసింది. నాటి నుండి దేశమంతా ఒకే చెరువు.

ఈ చెరువు లెక్కను సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ అనే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటిస్తుంది. దేశంలోని విద్యుత్ కేంద్రాల ఉద్గారాలన్నిటినీ కూడి, అవి వలయానికి అందించిన యూనిట్లతో భాగిస్తే వచ్చే సగటును 'ఉద్గార గుణకం' అనవచ్చు. ఆ సంస్థ లెక్క ప్రకారం 2022-23లో ఇది యూనిట్‌కు 0.716 కిలోలు, 2023-24లో 0.727 కిలోలు. మన విద్యుత్తులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుండి వచ్చేది కాబట్టి, పైన లెక్కించిన 953 గ్రాములలో ముప్పాతిక తీసి చూస్తే ఈ సంఖ్యకు చేరువగానే ఉంటుంది. తర్కశాస్త్ర పరిభాషలో ఉద్గార గుణకమే మన వ్యాప్తి. ఉపాధి పాలు ఎంతో అందులో ఇమిడి ఉన్నది.

గుణకం ఒక ఏడు తగ్గి మరొక ఏడు పెరగడానికి కారణాలు అనేకం. 2023లో వర్షాలు సరిగా కురవక కృష్ణా జలాశయాలకు వరద రాలేదు, దేశంలో జలవిద్యుత్తు తగ్గింది. ఆ లోటును ప్రధానంగా బొగ్గే పూడ్చింది. పడమటి కనుమలలో వాన కురవకపోతే మన ఇంటి దీపం వెనుక పొగ పెరుగుతుంది! ఇంకొక భ్రమను కూడా ఇక్కడే తొలగించుకోవాలి. 2025 నాటికి మన దేశ విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదని వార్తలు వచ్చాయి. అది నిజమే, సంతోషించదగినదే. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సౌరఫలకం రాత్రి పనిచేయదు, గాలిమర గాలి లేనప్పుడు తిరగదు. సగం సామర్థ్యం అన్నదాన్ని సగం కరెంటు అని చదువుకొంటే మన అంచనా మొదటి అడుగులోనే తప్పుతుంది.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూద్దాం. ఒక మధ్యతరగతి కుటుంబం వారి బిల్లు మీద గత రీడింగ్ 14,382, ప్రస్తుత రీడింగ్ 14,607 అని ఉన్నదనుకొందాం. రెండింటి తేడా 225 యూనిట్లు. దీనిని 0.727తో హెచ్చవేస్తే సుమారు 164 కిలోలు. ఆ నెలలో ఆ కుటుంబం వెలుగు, గాలి, చల్లదనాల వెనుక వెలువడిన బొగ్గుపులుసు వాయువు అది. ఒక్క నెలను పన్నెండుతో హెచ్చవేసి సంవత్సరపు లెక్క అనరాదు. మే నెల బిల్లుకూ డిసెంబరు బిల్లుకూ పొంతన ఉండదు. పన్నెండు బిల్లులూ తీసి కూడాలి. ఆ మొత్తం 2,700 యూనిట్లు అయిందనుకొంటే ఏడాది ఉద్గారం 1,963 కిలోలు, అంటే రెండు టన్నులకు కొంచెం తక్కువ.

నిజానికి లెక్క ఇంకా పూర్తి కాలేదు. మీటరు దాకా రాకముందే తీగలలో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత విద్యుత్తు వేడిగా మారిపోతుంది. నూటికి 15 వంతులు దారిలో పోయిందని అనుకొంటే, మన మీటరులో 2,700 యూనిట్లు తిరగడానికి విద్యుత్ కేంద్రం సుమారు 3,176 యూనిట్లు పంపి ఉండాలి. అప్పుడు ఉద్గారం 2,309 కిలోలు. రెండు లెక్కలకూ మధ్య సుమారు 346 కిలోల తేడా. ఏది సరైనది? రెండూ సరైనవే, ఏది చేశామో చెప్పినప్పుడు. చెప్పనప్పుడు రెండూ అనుమానాస్పదాలే, ఈసారి వాడుక అర్థంలో.

బిల్లులో యూనిట్లు వెతకడం బద్ధకమై, రూపాయలను బట్టి ఉద్గారాలు లెక్కకట్టేవారు ఉన్నారు. తర్కశాస్త్రం దీన్ని హేత్వాభాసం అంటుంది. అంటే హేతువు వలె కనిపించి మోసగించేది. శ్లాబు మారితే యూనిట్ ధర మారుతుంది. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు వచ్చి చేరతాయి. ఇల్లు, దుకాణం ఒకే సంఖ్యలో యూనిట్లు వాడినా బిల్లులు వేరు. 2024 మార్చిలో తెలంగాణలో గృహజ్యోతి పథకం అమలులోకి వచ్చి, నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు సున్నా బిల్లు అందింది. పేద ఇంటికి అది గొప్ప ఊరట. కాని రూపాయలతో లెక్కకట్టేవాని పుస్తకంలో ఆ ఇంటి ఉద్గారం కూడా సున్నాయే అవుతుంది. 200 యూనిట్ల వెనుక ఉన్న 145 కిలోలను బిల్లు మాఫీ చేయలేదు. వ్యవసాయానిది మరీ చిత్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సేద్యానికి ఉచిత విద్యుత్తు ఇచ్చారు. చాలా పంపుసెట్లకు మీటర్లే లేకపోవడం వల్ల, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్లను నమూనాగా తీసుకొని పంపిణీ సంస్థలు వినియోగాన్ని ఊహించేవి. అంచనా మీద అంచనా!

ఒక ఇంట్లో ఏ వస్తువు ఎంత పొగకు కారణమో విడదీయడం కష్టమేమీ కాదు. వాట్లను గంటలతో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 75 వాట్ల పంకా రోజుకు పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్, నెలకు 22.5 యూనిట్లు, ఉద్గారం 16 కిలోల పైచిలుకు. గంటకు సగటున ఒక యూనిట్ తీసుకొనే ఏ.సి. రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 240 యూనిట్లు, దాదాపు 174 కిలోలు. ఒక్క ఏ.సి. పది పంకాల పెట్టు. అరవై వాట్ల పాత బల్బు తీసి తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. పెట్టి రోజుకు అయిదు గంటలు వెలిగిస్తే ఏడాదికి 93 యూనిట్లు, 68 కిలోల ఉద్గారం తప్పుతుంది. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకం ఈ మార్పును ఊరూరికీ తెచ్చింది. 2020 జనవరి నుండి స్టార్ గుర్తు గల ఏ.సి.లన్నీ 24 డిగ్రీల వద్ద మొదలయ్యేటట్లు తయారు చేయాలని నియమం వచ్చింది. మీట నొక్కగానే 18కి దించేవాని ముందు నియమం ఏమి చేయగలదు?

ఈ సందర్భంలో ఒక మాట చెప్పక తప్పదు. రెండు పంకాలు, నాలుగు దీపాలు, ఒక టి.వి. ఉన్న ఇల్లు నెలకు 60 యూనిట్లు వాడితే ఉద్గారం 44 కిలోలు. మూడు ఏ.సి.లున్న ఇల్లు 900 యూనిట్లు వాడితే 654 కిలోలు. పొదుపును గురించిన ఉపన్యాసాలు రెండు ఇళ్ళకూ ఒకే గొంతుతో వినిపించడం న్యాయం కాదు. తలసరి సగటు ఈ తేడాను కప్పివేస్తుంది, ఇంటింటి లెక్క బయటపెడుతుంది. అందువల్లనే ఇంటి లెక్కకు విలువ.

వ్యాపార సంస్థల లెక్క కొంత జటిలం. గుంటూరు ప్రాంతంలో మిరపకాయలు నిలువచేసే శీతల గిడ్డంగులు ఎందరికో పరిచితమే. అటువంటి ఒక గిడ్డంగిని ఊహించుకొందాం. అక్కడి మీటరు పెద్ద ప్రవాహాన్ని నేరుగా కొలవదు, తగ్గించి కొలుస్తుంది. కాబట్టి రీడింగుల తేడాను బిల్లు మీద ఎం.ఎఫ్. అని ఉండే అంకెతో హెచ్చవేయాలి. తేడా 950, ఎం.ఎఫ్. 60 అయితే వినియోగం 57,000 యూనిట్లు. ఎం.ఎఫ్. మరచినవాడు గిడ్డంగి ఉద్గారాన్ని అరవైయవ వంతుకు దించేస్తాడు. పైగా హైటెన్షన్ వినియోగదారులకు బిల్లు కె.వి.ఎ.హెచ్. లెక్కన వస్తుంది. అదే బిల్లులో కె.డబ్ల్యు.హెచ్. అంకె కూడా ఉంటుంది. ఉద్గారాలకు తీసుకోవలసింది రెండవదే. మొదటిది 60,000, రెండవది 57,000 అయితే, సరైన ఉద్గారం 41.4 టన్నులు. పొరబడి మొదటి అంకె తీసుకొంటే రెండు టన్నుల పైన ఎక్కువ పడుతుంది.

కరెంటు పోయినప్పుడు గిడ్డంగిలో డీజిల్ జనరేటర్ నడుస్తుంది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. నెలకు 400 లీటర్లయితే 1,072 కిలోలు. దీనిని విద్యుత్ బిల్లు లెక్కలో కలపరాదు. 2001లో వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ పద్ధతి ఉద్గారాలను మూడు పరిధులుగా విభజించింది. సంస్థ తన ఆవరణలోనే కాల్చిన ఇంధనానిది మొదటి పరిధి. కొన్న విద్యుత్తుది రెండవ పరిధి. ముడిసరుకు, రవాణా, దారిలో పోయిన విద్యుత్తు వంటివన్నీ మూడవది. మన దేశంలో స్టాక్ మార్కెట్ విలువను బట్టి మొదటి వెయ్యి సంస్థలు 2022-23 నుండి తమ వార్షిక నివేదికలలో పర్యావరణ, సామాజిక వివరాలు ప్రకటించాలని సెబీ విధించింది. కామర్సు విద్యార్థులు రేపు ఏ ఆఫీసులో చేరినా ఈ లెక్క బల్ల మీదికి రాక తప్పదు.

అక్కడ చూడవలసిన మెలిక ఒకటుంది. ఒక సంస్థ పునరుత్పాదక విద్యుత్ ధ్రువపత్రాలు కొని, 'మా రెండవ పరిధి ఉద్గారం సున్నా' అని ప్రకటించవచ్చు. దాని భవనానికి వచ్చే తీగలో మాత్రం అందరిదీ అయిన చెరువు నీరే పారుతుంది. అందుకనే 2015లో ఆ ప్రోటోకాల్ వారు, ఇటువంటి కొనుగోళ్ళకు వీలున్న చోట, రెండు లెక్కలూ పక్కపక్కన చూపాలన్నారు. వలయపు సగటుతో కట్టినది ఒకటి, కొనుగోలు ఒప్పందాలతో కట్టినది మరొకటి. ఒక్క సున్నాను మాత్రమే చూపే నివేదికను చదివేవారు రెండవ అంకె ఎక్కడ అని అడగాలి.

ఇంటి కప్పు మీద సౌరఫలకాలు పెట్టుకొన్నవారికీ ఇటువంటి చిక్కే వస్తుంది. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున మూడు కిలోవాట్ల ఫలకాలు సుమారు పన్నెండు యూనిట్లు ఇస్తాయి. పగలు మిగిలినది వలయానికి పోతుంది, రాత్రి కావలసినది వలయం నుండి వస్తుంది. బిల్లులో రెండింటి తేడా మాత్రమే సొమ్ముగా మారుతుంది. కాని రాత్రి వచ్చిన యూనిట్ బొగ్గుపాలు ఎక్కువగా ఉన్న యూనిట్. ఉద్గారాల లెక్కకు ఇచ్చింది, పుచ్చుకొన్నది విడివిడిగా వ్రాయాలి. పుచ్చుకొన్న యూనిట్లన్నీ మన ఖాతాలోవి. ఇచ్చిన వాటివల్ల తప్పిన పొగను వేరుగా, గర్వంగానే చూపుకోవచ్చు. ఏడాది సగటు గుణకానికి మధ్యాహ్నానికీ అర్ధరాత్రికీ భేదం తెలియదు. అది దానికున్న పరిమితి.

గడియారపు స్థాయి కచ్చితత్వం ఈ లెక్కకు లేదు. 163.575 కిలోలని వ్రాసినంత మాత్రాన జ్ఞానం పెరగదు, 'సుమారు 164' అనడమే నిజానికి దగ్గర. ఏ సంవత్సరపు గుణకం వాడామో, దారి నష్టం కలిపామో లేదో, యూనిట్లు ఎక్కడ నుండి తీసుకొన్నామో పక్కన వ్రాస్తే, ఆ అంచనాను మరొకరు సరిచూడగలరు. జలవిద్యుత్తే ఆధారమైన భూటాన్‌లో మన ఫ్రిజ్ వంటి ఫ్రిజే నడిస్తే దాని వెనుక పొగ దాదాపు ఉండదు. యంత్రం అదే, యూనిట్లు అవే, ఉపాధి లేదు.

అభ్యాసం

1. నిప్పును బట్టి పొగను ఊహించడంలోని దోషాన్ని, విద్యుత్ ఉద్గారాల లెక్కకు దానితో గల పోలికను సొంతమాటలలో వ్రాయండి.

2. 'స్థాపిత సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు' - ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.

3. ఒక దుకాణం నెలకు 480 యూనిట్ల విద్యుత్తు, 25 లీటర్ల డీజిల్ వాడింది. 2023-24 గుణకంతో రెండు పరిధుల ఉద్గారాలను విడివిడిగా లెక్కించండి.

4. మీ ఇంటి పన్నెండు నెలల బిల్లులు సేకరించి ఏడాది ఉద్గారాన్ని అంచనా వేయండి. బిల్లు దొరకని నెల ఉంటే దానిని ఎట్లా పూరించారో తప్పక పేర్కొనండి.